కృపామణక్క వేసిన లైట్లు

చిత్తూరులో కార్ల డైనమోలకు పద్దెనిమిదేళ్లు రాగితీగ చుట్టిన మనిషి, అన్నేళ్లలో ఒక్కసారైనా కారు బానెట్ ఎత్తి లోపలికి చూడలేదంటే ఎవరూ నమ్మరు. కృపామణక్క విషయంలో అది నిజం. 1996లో మా నాయన కారు లైట్ల గొడవ రాకపోయుంటే ఇంకో పద్దెనిమిదేళ్లు కూడా అట్లాగే గడిచిపోయేదేమో.

ఆమెది గంగాధర నెల్లూరు దగ్గర ఒక పల్లె. వాళ్ల నాన్న మిషన్ ఆసుపత్రిలో తోటమాలి. ఎనిమిదో తరగతి దాకా చదివింది. పందొమ్మిదో ఏట సుందరరాజును చేసుకుని చిత్తూరు సంతపేటకు కాపురానికి వచ్చింది. సుందరరాజుకు బజారులో కార్ల ఎలక్ట్రికల్ షాపు ఉండేది. నలుగురితో నవ్వుతూ మాట్లాడే మనిషి. బండి ఇచ్చినవాళ్లకు పని ఆలస్యమైనా ఆయన కబుర్లతో పొద్దుపోయేది.

కాలిపోయిన డైనమోలు, సెల్ఫ్ మోటార్లు, హారన్లు సాయంత్రం గోనెసంచిలో వేసుకుని సైకిల్ మీద ఇంటికి తెచ్చేవాడు. పాత తీగ విప్పడం, చుట్లు లెక్కపెట్టుకోవడం, కాగితం కత్తిరించి గాడుల్లో పెట్టడం, కొత్త తీగ చుట్టి వార్నిష్ పూయడం, అంతా కృపామణక్క చేతి పని. ఆ పని ఆమెకు నేర్పింది అత్త ఆనందమ్మ. ఆనందమ్మ తన భర్త బతికున్నప్పుడు బావుల మీది కరెంటు మోటార్లకు చుట్టేది. "మొగోళ్ల వేళ్లు దీనికి పనికిరావు, తీగ తెంపేస్తారు" అనేది ఆమె. కోడలికి లెక్క తప్పకుండా ఒక ఉపాయం కూడా చెప్పింది. చర్చి పాట పాడుకుంటూ చుడితే ఒక చరణం అయ్యేసరికి పన్నెండు చుట్లు పడతాయి. మధ్యలో ఎవరైనా పలకరిస్తే పాట ఆపకుండా చేత్తోనే ఆగమని చెప్పాలి.

వార్నిష్ పూసినవాటిని మిద్దె మీద ఎండబెట్టేది. ఒక పక్క మిరపకాయలు, ఒక పక్క నల్లగా నిగనిగలాడే డైనమో కడ్డీలు. పక్కింటివాళ్లు ఇవేం వడియాలు తల్లీ అని ఎగతాళి చేసేవాళ్లు.

షాపులో ఎవరైనా వైండింగ్ ఎక్కడ చేయిస్తావని అడిగితే సుందరరాజు "మావాళ్లే చేస్తార్లే సార్" అనేవాడు. దాచాలని కాదు. అంతకన్నా వివరంగా ఎవరూ అడగలేదు, ఆయనకూ చెప్పాలని తోచలేదు.

ఇక మా నాయన సంగతి. పేరు గోవిందస్వామి. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యాడు. పల్లెల్లో మాత్రం అందరూ డాక్టరు సార్ అనే పిలిచేవాళ్లు. ఆవు ఈనలేకపోయినా, ఎనుముకు కడుపుబ్బినా ఇంటికి మనిషిని పంపేవాళ్లు. ఆయనతో పనిచేసిన అసలు డాక్టరు మద్రాసుకు వెళ్లిపోతూ తన స్టాండర్డ్ హెరాల్డ్ కారు మా నాయనకు ఇచ్చి పోయాడు. అరవైఎనిమిది మోడల్, పచ్చరంగు. ఇంజను మంచిది. లైట్లే ఘోరం. వేస్తే రెండు ఆముదపు దీపాలు ముందు నడుస్తున్నట్టు ఉండేది.

ఒకసారి యాదమరి వైపు నుంచి మునిమాపు వేళ వస్తున్నాం. నేను పక్కన కూర్చున్నాను. అప్పటికి నాకు ఇరవైరెండేళ్లు, టీచరు ట్రైనింగ్ అయిపోయి ఖాళీగా ఉన్నాను. నాయన సడన్‌గా బ్రేకు వేసి "దూడ పడుకోనుండాదే రోడ్డు మీద!" అని దిగాడు. దగ్గరికి పోయి, "లెయ్ లెయ్" అని రెండుసార్లు అదిలించి, వంగి వీపు మీద చెయ్యి వేశాడు. అది రోడ్డు పనివాళ్లు వదిలిపోయిన తారు డ్రమ్ము. చేతికి అంటిన తారు తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు. "ముప్పై ఐదేళ్లు పశువుల మధ్యనే బతికినోణ్ణి. ఈ మాట యాడా అనబాకమ్మా నందినీ" అన్నాడు. నేను ఆ రాత్రి భోజనాల దగ్గరే మా అమ్మకు చెప్పేశాను.

మర్నాడే నాయన సుందరరాజు షాపుకు వెళ్లి మంచి లైట్లు వేయమన్నాడు. అప్పుడప్పుడే హాలోజన్ బల్బులు అందరూ వేయించుకుంటున్నారు. సుందరరాజు పాత లైట్లు పీకేసి, అంబాసిడర్‌కు వాడే గుండ్రటి అద్దాలు తెచ్చి హాలోజన్ బిగించాడు. మొదటి రోజు బాగానే ఉన్నట్టు అనిపించింది. వారం తిరగకముందే డ్యాష్‌బోర్డు మీది స్విచ్ కాలి పొగ వచ్చింది. కొత్త స్విచ్ వేశాడు. ఈసారి పొగ రాలేదు కానీ వెలుతురు మాత్రం పాత లైట్ల కంటే వీసమెత్తు ఎక్కువ లేదు. డైనమో సరిగా కరెంటు ఇవ్వడంలేదు, చుట్టించాలి అన్నాడు. చుట్టించాడు. అయినా అంతే. నెల తర్వాత మా ఇంటికే వచ్చి మళ్లీ డైనమో విప్పుకుని పోయాడు.

ఐదు రోజులైనా డైనమో రాలేదు. షాపుకు వెళ్తే తాళం. సుందరరాజు బంధువుల పెళ్లికి గుడియాత్తం పోయాడని పక్క టైర్ల కొట్టు వాళ్లు చెప్పారు. మా నాయనకు కారు కదలకపోతే కాలు విరిగినట్టే. ఇల్లెక్కడో కనుక్కుని సంతపేటకు బయలుదేరాడు. నేనూ వెంట వెళ్లాను.

తలుపు తీసే ఉంది. లోపల కింద చాపేసుకుని ఒకామె కూర్చుని ఏదో చుడుతూ పాట పాడుతోంది. మమ్మల్ని చూసి చెయ్యెత్తి ఆగమన్నది కానీ పాట ఆపలేదు. చరణం పూర్తిచేసి, తీగకు ముడివేసి, అప్పుడు లేచింది.

"కూర్చోండి సార్. ఆయన ఊర్లో లేరే" అంది.

"నా డైనమో కోసం వచ్చినానమ్మా. హెరాల్డుది. యాడ చుట్టిస్తారో చెప్తే నేనే పోయి అడుగుతా."

"ఈడనే సార్. నేనే చుట్టేది."

మా నాయన ఆమె వైపు, చాప మీది తీగల వైపు చూశాడు. "అయితే మొన్న చుట్టింది గూడా..."

"నేనే." మూలనున్న డైనమో తెచ్చి మా ముందు పెట్టి, లోపలి కడ్డీ తీసి చూపించింది. నెల కిందట పూసిన వార్నిష్ ఇంకా మెరుస్తోంది. "సూడండి సార్. ఒక్క చుట్టు నల్లబడలేదు. దీనికేమీ కాలేదు. దీన్ని నేను విప్పేది లేదు. ఆయన వచ్చినాక ఆయనకీ ఇదే చెప్తా."

కోపంగా చెప్పలేదు కానీ ఆ గొంతులో పట్టుదల ఉంది. తన పనిలో తప్పుందన్న మాట ఆమెకు ఐదు రోజులుగా నిద్రపట్టనివ్వలేదని తర్వాత చెప్పింది.

"మరి లైట్లు ఎందుకమ్మా సరిగా ఎలగవు?" అన్నాడు నాయన.

ఆమె కాసేపు ఆలోచించింది. "లైట్లేస్తే ఆ స్విచ్ కాలతాదా సార్?"

"చెయ్యి పెట్టలేమమ్మా."

"ఆ వేడి యాడనుంచి వస్తాది మరి? లైటుకు పోవాల్సిన కరెంటే కదా దావలో వేడైపోయేది." ఆ మాట అని తానే ఆగిపోయింది. ఆ తర్వాత మెల్లగా, "నాకు ఒకసారి కారు సూడాలని ఉండాది సార్" అంది.

లోపలి గదిలోంచి ఆనందమ్మ గొంతు వినిపించింది. "నేను గూడా వస్తా!"

డెబ్బై ఐదేళ్ల ముసలామె చేతికర్ర, కోడలి చేతిలో వోల్టులు చూసే మీటరు, మా నాయన ఒళ్లో డైనమో. నలుగురం ఒక ఆటోలో ఇరుక్కుని మా ఇంటికి వచ్చాం. దారి పొడవునా ఆనందమ్మ ఆటోవాడి చేత హారన్ కొట్టించి, ఆ మోత విని, లోపలి చుట్టు వదులైందని చెబుతూనే ఉంది.

హెరాల్డ్ కారు బానెట్ మిగతా కార్ల మాదిరి కాదు. ముందు చక్రాల మీది రేకు, లైట్లు అన్నీ కలిపి మొత్తం ముక్క ముందుకు వాలిపోతుంది. ఇంజను నిలువునా బయటపడుతుంది. నాయన అది ఎత్తగానే కృపామణక్క నోరు తెరుచుకుని నిలబడిపోయింది. చుట్టూ ఒకసారి తిరిగింది. చేత్తో ఒక్కొక్కటీ ముట్టి చూసింది.

"ఇది హారన్. ఇది సెల్ఫ్. ఓహో, ఇట్ల పడుకోబెడతారా దీన్ని!" అని నవ్వింది. "అత్తా, ఇట్లా రా. డైనమో ఉండే తావు ఇదంట. బెల్టుతో తిప్పుతారు. నేను ఇన్నాళ్లూ ఇంకెట్లనో అనుకుంటా ఉండా."

ఆనందమ్మ కర్ర ఆనించుకుని వంగి చూసి, "ఇంత దుమ్ములో పెడతారా మనం చేసినవి?" అని నొచ్చుకుంది.

నాయన డైనమో బిగించి బెల్టు వేశాడు. ఇంజను నడుస్తుండగా కృపామణక్క నన్ను లైటు స్విచ్ దగ్గర కూర్చోబెట్టి, తాను మీటరు పట్టుకుంది. బ్యాటరీ దగ్గర పదమూడు వోల్టులు చూపించింది. లైటు వెనక తీగ దగ్గర పెట్టి చూస్తే తొమ్మిదిన్నర. మళ్లీ చూసింది. తొమ్మిదిన్నరే.

"అబ్బ!" అని లేచి నిలబడింది. ఆమె ముఖంలో అంత సంతోషం నేను అంతకుముందు ఎవరి ముఖంలోనూ చూడలేదు. "డైనమో బాగుండాది సార్. మూడున్నర వోల్టులు దావలో పోతా ఉండాది. ఈ సన్నతీగ పాత బల్బులకు సరిపోయేది. ఇంత కరెంటు ఇది మొయ్యలేదు. బ్యాటరీ నుంచి స్విచ్‌కి, స్విచ్ నుంచి మళ్లా లైటుకి, అంత దూరం తిరిగేతలికి అలిసిపోతా ఉండాది."

"ఏం చెయ్యాల మరి?"

"అంబాసిడర్ హారన్లకు రిలే అని ఒక డబ్బీ పెడతారు సార్. దాని లోపలి చుట్టు నేనే వందసార్లు చుట్టినా. స్విచ్ నొక్కితే కొంచెం కరెంటు పోయి ఆ డబ్బీని లేపుతాది. అది లేచి, జాస్తి కరెంటును బ్యాటరీ నుంచి నేరుగా పంపుతాది. స్విచ్ పిలిస్తే సాలు, మోసే పని దానికి ఉండదు. హారన్‌కి చేసింది లైటుకి ఎందుకు చేయకూడదు?"

"అయితే ఈ పొద్దే చేసెయ్యమ్మా" అన్నాడు నాయన.

ఆమె తలాడించింది, కాదని. "ఆయన రానీండి సార్. షాపు ఆయనది. ఆయన లేనప్పుడు చేస్తే బాగుండదు."

సుందరరాజు శనివారం వచ్చాడు. ఆయన ఏమన్నాడో ఆనందమ్మ మాకు తర్వాత పూసగుచ్చినట్టు చెప్పింది. మొదట నవ్వాడట. తర్వాత ముఖం మాడ్చుకున్నాడట. "ఇరవై ఏండ్లుగా బండ్లు సూస్తా ఉండా. ఇంట్లో కూర్చోని నువ్వు నాకు వైరింగ్ చెప్తావా మణీ?" అన్నాడట. కృపామణక్క అన్నం వడ్డించిందట. ఆనందమ్మ ఊరుకోలేదు. "మీ నాయన గూడా ఇట్లనే అనేవాడు. నేను చెప్పింది నాలుగు దినాలకు తానే చెప్పినట్టు చెప్పేవాడు. నువ్వు ఆ నాలుగు దినాలు ఎందుకు రా వేస్టు చేసేది?" అందట.

ఆదివారం చర్చి. సోమవారం పొద్దున్నే భార్యాభర్తలిద్దరూ మా గేటు ముందు సైకిల్ దిగారు. సుందరరాజు బానెట్ ఎత్తి పక్కన నిలబడి చేతులు కట్టుకున్నాడు. "చెయ్యి. నేను సూస్తా" అన్నాడు.

ఆమె చీర కుచ్చెళ్లు బిగించుకుని పనిలోకి దిగింది. బ్రైటుకు ఒక రిలే, డిమ్ముకు ఒకటి. బ్యాటరీ నుంచి లావు తీగ, మధ్యలో ఫ్యూజు. కరెంటు తిరిగి బ్యాటరీకి చేరడానికి లైట్ల నుంచి వెనక్కి కూడా ఒక నల్ల తీగ లాగింది. ఈ బానెట్ కీళ్లు తుప్పుపట్టాయి, వాటిని నమ్మలేను అంది. తీగ కొసలు వలిచి, మెలిపెట్టి, సీసం పెట్టి అతికించడంలో ఆమె వేళ్లు ఎంత వేగంగా ఆడుతున్నాయంటే, చేతులు కట్టుకుని నిలబడ్డ సుందరరాజు గంట తిరిగేసరికి పటకారు అందిస్తున్నాడు. ఇంకో గంటకు వంగి, "ఆ తీగ రేడియేటరుకు తగలతాది, ఇట్ల తిప్పు" అంటున్నాడు.

మధ్యాహ్నానికి అయింది. నాయన స్విచ్ నొక్కాడు. డిమ్ము వెలిగింది. బ్రైటు నొక్కితే రెండు లైట్లూ ఆరిపోయాయి.

కృపామణక్క ముఖం వాడిపోయింది. తీగలన్నీ మళ్లీ వెతికింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మళ్లీ నొక్కినా అంతే. మా అమ్మ మజ్జిగ తెచ్చి ఇస్తే తాగకుండా గడప మీద పెట్టింది.

సుందరరాజు ముందుకు వంగాడు. మెల్లగా బ్రైటు రిలే బిగించిన మర విప్పాడు. కింద రేకు మీద పచ్చరంగు అట్లాగే ఉంది. జేబులోంచి చిన్న కత్తి తీసి రంగు గీకి, రేకు తెల్లగా కనబడ్డాక మళ్లీ బిగించాడు.

"పెయింటు మీద బిగిస్తే రేకు తగలదు, ఎర్త్ రాదు మణీ. చాపమీద కూర్చోని చుట్టేదాంట్లో ఇది తెలీదు" అన్నాడు. ఈసారి ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు.

నాయన నొక్కాడు. టిక్ మని ఒక శబ్దం వినబడింది, బ్రైటు వెలిగింది. మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా మా కాంపౌండు గోడ మీద వెలుగు తెల్లగా పడింది. కృపామణక్క మజ్జిగ గ్లాసు తీసుకుని ఒక్క గుక్కలో తాగేసింది. తర్వాత మా నాయనను మళ్లీ ఒకసారి ఆర్పి వేయమంది. ఇంకోసారి. "ఆ టిక్ అనేది వినబడతా ఉండాదా అక్కా? అది నేను చుట్టిందే" అని మా అమ్మకు చెప్పింది.

పొద్దు గూకాక కాణిపాకం రోడ్డులో చూద్దామని బయలుదేరాం. నాయన పట్టుబట్టి కృపామణక్కను ముందు సీట్లో కూర్చోబెట్టాడు. వెనక నేను, సుందరరాజు. చీకటిపడే వేళ ఆ వెలుతురులో రోడ్డు పక్క చింతమానుల సున్నపు పట్టీలు దూరందాకా ఒకటి తర్వాత ఒకటి లేచి నిలబడ్డాయి. చెరుకుతోటలో నుంచి దాటుతున్న ముంగిస కూడా కనిపించింది. కృపామణక్క రెండు చేతులూ డ్యాష్‌బోర్డు మీద పెట్టుకుని ముందుకు చూస్తూ కూర్చుంది.

మా ఆనందం రెండు మైళ్లే. ఎదురుగా వస్తున్న బస్సు లైట్లు ఆర్పి వేసి, ఆర్పి వేసి, చివరికి మా పక్కనే ఆగింది. డ్రైవరు కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"ఏందయ్యా ఇది, కండ్లు పోగొట్టాలనా? బస్సులో యాభై మంది ఉండారు!"

నాయన డిమ్ము చేశాననే అన్నాడు. సుందరరాజు గబుక్కున దిగి నెత్తి కొట్టుకున్నాడు. వెలిగిన సంబరంలో లైట్ల వాలు సరిచేయడం మరిచిపోయాడు. డిమ్ము కూడా ఎదుటివాళ్ల మొహాన కొడుతోంది. "తప్పైపోయిందన్నా. కొత్తగా వేసినాం. కిందికి వంచల్యా" అన్నాడు.

డ్రైవరు కోపం కాస్త దిగింది. కారును పైకీ కిందికీ చూశాడు. "ఈ డొక్కు బండికా ఇంత ఎలుతురు? యాడ ఏయించినారు?"

సుందరరాజు కారు వైపు తిరిగాడు. ముందు సీటు వైపు చెయ్యి చూపించాడు. "మా ఇంటామె చేసిందన్నా."

మర్నాడు సాయంత్రం మా కాంపౌండు గోడ మీద సుద్దముక్కతో గీతలు గీసి, ఇరవైఐదు అడుగుల దూరంలో కారు నిలబెట్టి, సుందరరాజు మరలు తిప్పుతుంటే కృపామణక్క గోడ దగ్గర నిలబడి పైకి, కిందికి, ఎడమకు అని చెప్పింది. ఆ గీతలు చాలా ఏళ్లు అట్లాగే ఉన్నాయి. సున్నం వేసేటప్పుడు నాయన ఆ చోటు వదిలేయించాడు.

ఆ బస్సు డ్రైవరే ఊరంతా చెప్పాడో, మా నాయన పల్లెల్లో చెప్పుకున్నాడో, మొగిలి ఘాటులో తిరిగే జీపులవాళ్లు, తిరుపతికి యాత్రికులను తోలే అంబాసిడర్ టాక్సీలవాళ్లు సుందరరాజు షాపుకు రావడం మొదలుపెట్టారు. "ఆ యమ్మ వేసే లైట్లు" కావాలని అడిగేవాళ్లు. నెలలోపే సుందరరాజు షాపులో ఒక బల్ల వేయించాడు. పిల్లలు బడికి వెళ్లాక కృపామణక్క వచ్చి, వాళ్లు వచ్చేలోపు ఇల్లు చేరేది. మొదట్లో డ్రైవర్లు ఆమె ముందు మొహమాటపడి భర్తతో మాట్లాడేవాళ్లు. "నన్నడుగుతారేం, చేసేది ఆమె" అని సుందరరాజు టీ తాగడానికి వెళ్లిపోయేవాడు.

ఏ బండి వచ్చినా ఆమె ముందు స్విచ్ మీద చెయ్యి పెట్టి చూసేది. తర్వాతే మీటరు. కొందరికి కొత్త బల్బులు అక్కర్లేదని చెప్పి, తుప్పు గీకి, తీగ మార్చి పంపేసేది. ఎక్కువ వెలుతురు కావాలని పోటీపడే కుర్ర డ్రైవర్లకు బస్సువాడి తిట్లు వినిపించి, గోడ మీద వాలు చూడందే బండి కదలనిచ్చేది కాదు. 2000 దాటాక కొత్త కార్లు వచ్చాయి, రిలేలు వాటిలో ముందే బిగించి వచ్చేవి. పని తగ్గిందేమని నేను అడిగితే, "మంచిదే కదా పాపా. కంపెనీవాళ్లకు బుద్ధి వచ్చినాది" అని నవ్వింది. మిక్సీలు, గ్రైండర్ల మోటార్లకు మళ్లింది.

అంతకు ముందే, తొంభైతొమ్మిదిలో, ఇంకో పని చేసింది. కారు లోపలంతా తెలిసి నడపడం రాకపోతే ఎట్లా అని మా నాయన ఒకరోజు సరదాగా అన్నాడు. ఆమె సరదాగా తీసుకోలేదు. మర్నాటి నుంచి రోజూ తెల్లవారి ఆరింటికి మా ఇంటికి వచ్చేది. నాయన పక్కన కూర్చుని, ఎద్దును అదిలించినట్టు అదిలిస్తూ నేర్పాడు. మూడు నెలలకు లైసెన్సు వచ్చింది. నలభై ఏళ్ల వయసులో.

ఆ ఏడు క్రిస్మస్ మర్నాడు నాయన ఆమె చేతికి తాళాలిచ్చాడు. ఆనందమ్మకు చంద్రగిరి కోట చూడాలని ఎప్పటినుంచో కోరిక. ముందు సీట్లో కృపామణక్క పక్కన ఆ ముసలామె, వెనక సుందరరాజు, నేను. పోయేటప్పుడు పాకాల దాటేదాకా సుందరరాజు కళ్లు మూసుకుని పైకే ప్రార్థన చేశాడు. రాజమహల్ పచ్చికలో కూర్చుని తెచ్చుకున్న చిత్రాన్నం తిన్నాం. ఆనందమ్మ కోట గోడలు చూసి, ఇంత రాయి ఎవరు మోశారో పాపం అని రెండుసార్లు అంది.

తిరుగు ప్రయాణంలో చీకటి పడింది. కృపామణక్క లైట్లు వేసుకుని, గంటకు ముప్పై దాటకుండా, ఎదురుగా ఎవరొచ్చినా ముందే డిమ్ము చేస్తూ నడిపింది. లారీలన్నీ మమ్మల్ని దాటుకుని పోయాయి. సుందరరాజు ఈసారి ప్రార్థన మానేసి నిద్రపోయాడు. ఆనందమ్మ మాత్రం ముందుకు వంగి, వెలుతురులోకి వచ్చే ప్రతి మైలురాయినీ గట్టిగా చదువుతూ కూర్చుంది.

సంతపేటలో వాళ్ల ఇంటి ముందు బండి ఆపబోయి క్లచ్ వదిలేసింది కృపామణక్క. కారు ఒక్క ఊపు ఊగి ఆగిపోయింది. సుందరరాజు ఉలిక్కిపడి లేచాడు. ఆనందమ్మ దిగలేదు.

"అప్పుడే వచ్చేసినామా?" అంది. "ఇంకొంచెం దూరం పోనీ, మణీ."

కృపామణక్క భర్త వైపు చూసింది. ఆయన వెనక సీట్లో మళ్లీ సర్దుకుని కూర్చున్నాడు. ఆమె తాళం తిప్పి, గేరు వేసి, సంతపేట చుట్టూ ఇంకో రెండు చుట్లు తిప్పింది.